మెల్లగా మీటితే పలకని గిటార్: ఒక కొత్త రెసొనేటర్ వాద్యంపై కేస్ స్టడీ

ఈ కేసులోని వాద్యం ఆసియాలో తయారై అమెరికాలో మధ్యస్థ ధరకు అమ్ముడవుతున్న కొత్త రెసొనేటర్ గిటార్, అంటే లోపల అమర్చిన పలుచని లోహపు కోన్ కదలికతో శబ్దాన్ని వినిపించే గిటార్. మెడ చతురస్రంగా ఉండే రకం కాబట్టి దీన్ని మామూలు గిటార్‌లా పట్టుకుని వేళ్లతో నొక్కి వాయించరు. ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఎడమ చేత్తో బరువైన ఉక్కు బార్‌ను తీగల మీద జరుపుతూ, కుడిచేతి బొటనవేలికీ మరి రెండు వేళ్లకూ పిక్‌లు తొడుక్కుని మీటుతారు. వాద్యం యజమాని చిన్నతనంలో విజయవాడలో కొన్నేళ్లు వీణ అభ్యసించి, ఇప్పుడు నార్త్ కరోలినాలో రాలీ నగరం దగ్గర స్థిరపడిన తెలుగు మహిళ. అమెరికా గ్రామీణ తంత్రీ వాద్య సంగీతమైన బ్లూగ్రాస్‌కు చెందిన అంతర్జాతీయ సంఘం వార్షికోత్సవాలు 2013 నుంచి 2024 వరకు రాలీలోనే జరగడం వల్ల ఈ ప్రాంతంలో ఉన్నవారికి ఆ సంగీతాన్ని దగ్గరగా వినే అవకాశం దొరికింది. ఆవిడకు ఈ వాద్యంతో తొలి పరిచయం అలాగే కలిగింది. తర్వాత ఈ వాద్యంలో పేరొందిన జెర్రీ డగ్లస్ రికార్డింగులు విని, నేర్చుకుంటే ఈ వాద్యమే నేర్చుకోవాలని నిశ్చయించుకుని, గిటార్ కొని, ఒక ఉపాధ్యాయుడి దగ్గర చేరారు. తంత్రీ వాద్యాలను బాగుచేయడం, వాయించేవారి చేతికి తగినట్టు అమర్చడం నా వృత్తి కావడంతో ఆ ఉపాధ్యాయుడే ఆవిడను నా దగ్గరకు పంపారు.

ఆవిడ చెప్పిన ఫిర్యాదును ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను. "గట్టిగా మీటితే అరుస్తోందండీ, మెల్లగా మీటితే అసలు పలకడం లేదు. మూడో తీగ మీదికి బార్ వచ్చిందంటే జుయ్యిమంటోంది. డగ్లస్ గారి చేతిలో పాడే వాద్యం నా చేతిలో ఇలా ఎందుకుంటోంది?" లోపలి అల్యూమినియం కోన్ నాసిరకమై ఉంటుందని ఎవరో చెప్పగా, దాని బదులు ఖరీదైన కోన్ ఒకటి తెప్పించి వేయమని అడిగారు. వాద్యాన్ని పూర్తిగా విని, విప్పి చూసేదాకా ఏ భాగాన్నీ మార్చవద్దని నేను కోరాను, ఆవిడ ఒప్పుకున్నారు. వాద్యం లోపం ఎంత, చేతి అలవాటు ఎంత అనేది తేల్చకుండా కొత్త భాగం వేస్తే డబ్బు పోవడమే కాక, అసలు కారణం మరుగున పడిపోతుంది.

ఈ వాద్యం పుట్టుకను కొంత చెప్పకుండా ఈ పరిశీలన అర్థం కాదు. విద్యుత్ గిటార్ రాకముందు, బాకాలు, డ్రమ్ములు ఉన్న బృందాల్లో గిటార్ వినబడేది కాదు. లాస్ ఏంజెలెస్‌లో హవాయి పద్ధతిలో గిటార్ వాయించే జార్జ్ బోషాంప్, స్లొవేకియా నుంచి వచ్చి స్థిరపడిన వాద్య నిర్మాత జాన్ డోప్యేరా కలిసి ఆ కొరత తీర్చడానికి పూనుకున్నారు. 1927 ప్రాంతంలో డోప్యేరా మూడు చిన్న అల్యూమినియం కోన్‌లను లోహపు పెట్టెలో అమర్చి తయారుచేసిన నేషనల్ గిటార్ బయటికి వచ్చింది. భాగస్వాములతో విభేదించి నేషనల్ సంస్థను విడిచిన డోప్యేరా, తన సోదరులతో కలిసి పదిన్నర అంగుళాల కోన్ ఒక్కదానితో, దాని అంచు మీద ఎనిమిది కాళ్లతో నిలిచే స్పైడర్ అనే లోహపు చట్రంతో డోబ్రో గిటార్‌ను నిర్మించాడు. మన కేసులోని వాద్యం ఈ రెండో వంశానికి చెందినది. బోషాంప్ అంతటితో ఆగలేదు. కొద్ది సంవత్సరాల్లోనే, నేషనల్ గిటార్లకు లోహపు పెట్టెలు చేసిపెట్టిన అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి విద్యుత్ గిటార్‌ను విపణిలోకి తెచ్చాడు. బిగ్గరగా వినిపించడం కోసమే రెసొనేటర్ కావాలన్న కారణం అక్కడితో తీరిపోయింది.

అయినా ఈ వాద్యం నేటికీ నిలిచి ఉంది. ఎందుకు నిలిచిందన్నదే నా పని తీరును నిర్ణయించే ప్రశ్న. నా అభిప్రాయంలో, దానికి ఉన్న గొప్ప గుణం బిగ్గరతనం కాదు. చెయ్యి చేసే అతి చిన్న తేడాను కూడా దాచుకోకుండా బయటపెట్టడమే ఆ గుణం. అందువల్ల కొత్త రెసొనేటర్‌ను పరీక్షించవలసింది గట్టిగా మీటి కాదు, ఎంత మెల్లగా మీటినా పలుకుతుందా లేదా అని. దుకాణాల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. వాద్యాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతివారూ ముందుగా దాని గొంతు ఎంత పెద్దదో చూస్తారు. ఆ పరీక్షలో ఈ కేసులోని గిటార్ కూడా బాగానే నెగ్గి ఉంటుంది.

జెర్రీ డగ్లస్‌ను విన్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. 1956లో ఒహాయో రాష్ట్రంలోని వారెన్‌లో పుట్టి, తండ్రి నడిపిన బ్లూగ్రాస్ బృందంతో వాయించడం మొదలుపెట్టి, పదిహేడేళ్ల ప్రాయంలో కంట్రీ జెంటిల్‌మెన్ బృందంలో చేరిన ఆయన, 1998లో గాయని అలిసన్ క్రౌస్ బృందమైన యూనియన్ స్టేషన్‌లోకి వచ్చారు. 2004లో అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్, పదికి పైగా గ్రామీ పురస్కారాలు ఆయనకు దక్కాయి. ఆయన వేగాన్ని అందరూ పొగుడుతారు. ఆ వేగానికి బాటలు వేసినవాడు, 1955లో ఫ్లాట్, స్క్రగ్స్ బృందంలో చేరి బాంజో నుంచి మూడు వేళ్ల మీటును డోబ్రోకి తెచ్చిన జాష్ గ్రేవ్స్. డగ్లస్‌లో నన్ను కట్టిపడేసేది మాత్రం గాయని ఒక పాదం ముగించి మరో పాదం ఎత్తుకునే మధ్యలో ఆయన వాయించే నాలుగైదు స్వరాలు. ఆ స్వరాలు గాయని గొంతు విడిచిన చోట, అదే బలంతో, అదే మెత్తదనంతో అందుకుంటాయి. శ్రద్ధగా వింటే, ఆయన ప్రతి స్వరంలోకీ జారుతూ రారు. కొన్నింటి మీద బార్ నేరుగా దిగుతుంది, కొన్నింటికి మాత్రమే కింది నుంచి జారు ఉంటుంది. స్వరం స్థానంలో కుదురుకున్న తర్వాతే కంపనం మొదలవుతుంది, అదీ కొన్నిసార్లు స్వరం ఆరిపోయే ముందు మాత్రమే. స్వరం ఎక్కడ ఆగాలో కూడా చేతే నిర్ణయిస్తుంది, దాన్ని తీగకు వదిలిపెట్టరు. ఇవన్నీ చాలా తక్కువ శబ్దంలో జరుగుతాయి. ఆ స్థాయిలో వాద్యం మూగగా ఉంటే, చేతిలో ఎంత విద్య ఉన్నా వినేవారికి చేరదు.

మెల్లగా మీటినప్పుడు ఒక వాద్యం ఎందుకు మూగబోతుందో తెలియాలంటే లోపలి మార్గాన్ని చూడాలి. తీగ కదలిక మొదట తీగలు ఆనే చెక్కముక్క అయిన సాడిల్‌కు, సాడిల్ నుంచి స్పైడర్ మధ్యభాగానికి, అక్కడి నుంచి ఎనిమిది కాళ్ల ద్వారా కోన్ అంచుకు, నడుమనున్న బిగింపు స్క్రూ ద్వారా కోన్ శిఖరానికి చేరుతుంది. కోన్ గిన్నెలా పైకి తెరుచుకుని, పెట్టె లోపలి గుండ్రటి గట్టు మీద ఊరికే ఆని ఉంటుంది. దాన్ని జిగురుతో గానీ మేకులతో గానీ బిగించరు. పలుచని అల్యూమినియం రేకు కాబట్టి కొద్దిపాటి శక్తికే కదులుతుంది. అందుకే తీగలోని శక్తి త్వరగా గాలిలోకి వెళ్లి, స్వరం మొదట్లో ప్రస్ఫుటంగా వినిపించి, త్వరగా తగ్గుతుంది. ఈ కదలికకు ఎక్కడైనా ముందుగానే ఒత్తిడి పడి ఉంటే, చిన్న మీటు ఆ ఒత్తిడిని దాటలేదు. పెద్ద మీటు దాటుతుంది, దాటినప్పుడు ఒక్కసారిగా అరిచినట్టు ఉంటుంది. ఆవిడ చెప్పిన మొదటి లక్షణం ఇదే.

పరిశీలనను వాద్యం విప్పకుండానే మొదలుపెట్టాను. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, పిక్‌లు లేకుండా, బొటనవేలి కండతో ఒక్కొక్క తీగను వీలైనంత తక్కువ బలంతో మీటి, క్రమంగా బలం పెంచుతూ విన్నాను. ఆరోగ్యంగా ఉన్న స్పైడర్ గిటార్‌లో శబ్దం బలంతోపాటే సమంగా పెరుగుతుంది. ఇందులో ఒక స్థాయి దాకా పొడిగా, పెట్టె లోపల చిక్కుకున్నట్టు వినిపించి, ఆ స్థాయి దాటగానే గెంతింది. మంద్ర తీగల కంటే పై తీగల్లో ఈ గెంతు ఎక్కువగా ఉంది. కోన్‌ను పైన మూసే లోహపు రేకు అయిన కవర్‌ప్లేట్ మీద వేలితో తట్టినప్పుడు వదులు చప్పుడు ఏదీ రాలేదు, కాబట్టి ఏ భాగమూ ఊడిపోయి లేదని, ఏదో అతిగా బిగుసుకుని ఉందని అనుమానం కలిగింది.

మూడో తీగ జుయ్యిమనడం మాత్రం ఈ దోషంతో సంబంధం లేని మరో విషయమని త్వరలోనే తేలింది. ఆ తీగను ఖాళీగా మీటినప్పుడు శుభ్రంగా పలికింది. బార్‌ను ఆరు తీగల మీదా పరిచి మీటినప్పుడు చప్పుడు వచ్చింది. బార్ కొనను ఒక్క మూడో తీగ మీదే ఆనించినప్పుడు చప్పుడు మాయమైంది. లోపం సాడిల్ కోత కింద గానీ కోన్‌లో గానీ ఉంటే ఈ మూడు సందర్భాల్లో ఇలాంటి తేడా రాదు. ఉక్కు స్కేలును తీగల మీద అడ్డంగా పెట్టి వెలుతురు వైపు పట్టి చూస్తే, సాడిల్ దగ్గర మూడో తీగకూ స్కేలుకూ మధ్య సన్నని సందు కనిపించింది. సాడిల్‌లో ఆ తీగకు కోసిన గాడి మిగతావాటి కంటే లోతుగా పడింది. ఒడిలో వాయించే వాద్యంలో బార్ తిన్నగా ఉంటుంది కాబట్టి ఆరు తీగల పైభాగాలూ ఒకే సమతలంలో ఉండాలి. ఒకటి కిందికి దిగితే బార్ దాన్ని గట్టిగా ఆనలేదు, తీగ బార్‌కు తగిలీ తగలక అదురుతుంది. గుండ్రటి మెడ ఉండి వేళ్లతో నొక్కి వాయించే గిటార్‌లో ఇంత చిన్న తేడాను ఎవరూ గమనించరు.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పాలి. వీణ, తంబురా వింటూ పెరిగిన చెవికి తీగ అదురు స్వతహాగా తప్పు కాదు. తంబురాలో జీవాళి కోసం తీగ కింద దారప్పోగును జరిపి ఆ అదురును మనమే పుట్టిస్తాం. అందుకే ఆవిడ చాలాకాలం ఆ చప్పుడును వాద్యం సహజ గుణమేమో అనుకుని సహించారు. తంబురాలో ఆ అదురు అన్ని తీగల్లోనూ, అన్నివేళలా, శ్రుతికి లోబడి ఉంటుంది. ఇక్కడ ఒక్క తీగలో, బార్ కింద మాత్రమే వచ్చి, స్వరం మొదలును చెరిపేస్తోంది.

తర్వాత తీగలను వదులు చేసి, కాపో అనే బిగింపుతో వాటిని మెడకు పట్టి ఉంచి, కవర్‌ప్లేట్ తీశాను. కోన్‌ను వేళ్లతో నొక్కకూడదు, సొట్ట పడితే మళ్లీ తిన్నగా రాదు. బిగింపు స్క్రూను వదులు చేయడానికి ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ చుట్లు పట్టింది. స్పైడర్‌ను, కోన్‌ను బయటికి తీసి సమతలంగా ఉన్న అద్దం మీద విడివిడిగా ఉంచి చూశాను. ఎనిమిది కాళ్లూ అద్దాన్ని ఆనాయి, కోన్ అంచు కూడా చుట్టూ సరిగ్గా కూర్చుంది. రేకును లేత్ యంత్రం మీద తిప్పి మలిచిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, అచ్చులో నొక్కి చేసిన చవక రకం కాదు. అంటే ఆవిడ మార్చమని అడిగిన భాగంలో అసలు లోపమే లేదు.

లోపం కోన్ కూర్చునే గట్టు మీద కనిపించింది. పెట్టెకు పూత వేసినప్పుడు లోపలికి జారిన వార్నిష్ చుక్క ఒకటి ఎండి, గట్టు మీద గింజలా నిలిచిపోయింది. కోన్ ఆ పక్కన ఎత్తి, ఎదుటి పక్కన ఆని ఆనక కూర్చుంది. దాంతో స్పైడర్ కాళ్లలో కొన్ని కోన్‌ను సరిగా తాకక మొదట్లో గలగలమని ఉంటాయి. తయారీశాలలో ఆ గలగలను ఆపడానికి చుక్కను వెతకకుండా స్క్రూను బిగించారని నా నిర్ధారణ. చప్పుడు ఆగింది, కోన్ శిఖరం మీద ఎడతెగని లాగుడు మిగిలింది. వాద్యం అమ్మకానికి తగినంత శుభ్రంగా వినిపించింది, మెల్లగా పలికే శక్తిని మాత్రం కోల్పోయింది. ఇంకా కొన్నేళ్లు ఆ బిగువులోనే ఉంటే పలుచని రేకు ఆ ఆకారానికే అలవాటుపడి, అప్పుడు నిజంగానే కోన్ మార్చవలసి వచ్చేది.

చేసిన పని పెద్దది కాదు. వార్నిష్ చుక్కను పదునైన ఉలితో గీకి, గట్టు చుట్టూ సన్నని గరుకు కాగితం అంటించిన చెక్కముక్కతో సమం చేసి, లోపల మిగిలిన రంపపు పొట్టును ఊడ్చాను. కోన్‌ను తిరిగి పెట్టి, స్పైడర్ ప్రతి కాలి కిందా పలుచని కాగితపు పీలికను జొనిపి చూశాను. కాగితం ఎక్కడా స్వేచ్ఛగా జారకపోతే అన్ని కాళ్లూ ఆనినట్టు. బిగింపు స్క్రూను అది తగిలీ తగలనంత వరకు తిప్పి, ఆపైన పావు చుట్టు మాత్రం బిగించాను. పాత సాడిల్ స్థానంలో గట్టి మేపుల్ చెక్క మీద నల్లని గట్టి చెక్క అయిన ఎబొనీ టోపీ వేసిన కొత్త సాడిల్ రెండు ముక్కలుగా చేసి, తీగ మందంలో సగం మాత్రమే లోపల కూర్చునేలా గాడులు కోశాను. దీనికి కొంత ఎత్తు పెరగడంతో సాడిల్ దాటిన తర్వాత తీగలు తోక వైపు వంగే కోణం కూడా కొద్దిగా పెరిగి, స్పైడర్ మీద ఒత్తిడి నిలకడగా కుదిరింది. 0.016 నుంచి 0.056 అంగుళాల దాకా ఉండే తీగలు వేసి, మంద్రం నుంచి జి, బి, డి, జి, బి, డి శ్రుతికి తెచ్చాను.

మళ్లీ అదే బొటనవేలి పరీక్ష చేసినప్పుడు గెంతు లేదు. చాలా మెల్లగా తాకిన తీగ కూడా చిన్నదే అయినా పూర్తి స్వరంగా వినిపించింది. మూడో తీగ బార్ కింద శుభ్రంగా పలికింది. గరిష్ఠ శబ్దంలో మార్పు చెప్పుకోదగినంత లేదని ఆవిడ కూడా గమనించారు. నేను ఆశించింది అదే. పెరిగింది మెల్లని శబ్దాల అంచున. మంద్ర తీగల్లో మాత్రం కొంత బిగువు మిగిలింది. అది పలుచని ప్లైవుడ్ పెట్టెలో గట్టు చుట్టూ ఉన్న వలయం వల్ల వచ్చే స్వభావం, అమరికతో పోయేది కాదు. ఆ మాట ఆవిడకు స్పష్టంగా చెప్పాను.

వాద్యం పలకడం మొదలయ్యాక చేతిలోని అలవాట్లు బయటపడ్డాయి. ఇంతకుముందు ఇవి లేవని కాదు, వాద్యం వాటిని వినిపించనివ్వలేదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇది. ఆవిడ బార్ దించినప్పుడు స్వరాలు కొద్దిగా తక్కువ శ్రుతిలో, కంపనం మొదలవగానే కొద్దిగా ఎక్కువ శ్రుతిలో వినిపించాయి. రెండింటికీ మూలం వీణలో ఉంది. వీణలో వేలు మెట్టుకు కాస్త వెనుక నొక్కుతుంది, శ్రుతిని మెట్టే నిర్ణయిస్తుంది. ఇక్కడ మెట్టు గీత కేవలం గుర్తు, తీగ దాన్ని తాకదు. బార్ ఎక్కడ ఉంటే అక్కడే స్వరం. పాత అలవాటుతో బార్ గీతకు వెనుక దిగితే స్వరం తగ్గుతుంది. ఇక గమకం విషయానికొస్తే, వీణలో తీగను పక్కకు లాగితే శ్రుతి పెరగడమే కాని, నొక్కిన మెట్టు స్వరం కంటే కిందికి వెళ్లదు. ఆ చెయ్యి బార్‌ను కూడా స్వరం పైభాగంలోనే ఊపుతుంది. బార్ కంపనం స్వర స్థానానికి రెండు వైపులా సమంగా ఊగాలి, అప్పుడే చెవి మధ్య బిందువును స్వరంగా వింటుంది.

అందుకు నేను సూచించిన అభ్యాసం సులభమైనది. బార్‌ను గీతకు సరిగ్గా పైన దించి, స్వరం ఆరిపోయేదాకా కదపకుండా వినాలి. అది నిలకడగా కుదిరాకే, స్వరం జీవితంలో రెండో సగంలో మాత్రమే కంపనం చేర్చాలి. కంపిత గమకంతో పెరిగిన చేతికి నిశ్చలంగా ఉండే స్వరం బోసిగా అనిపిస్తుంది, ఆవిడా మొదట అలాగే అన్నారు. కొన్నాళ్లకు, ఏ స్వరానికి కంపనం కావాలో ఏ స్వరానికి వద్దో ఆవిడ స్వయంగా ఎంచుకోవడం మొదలైంది. బార్ వెనుక ఎడమచేతి మిగతా వేళ్లను తీగల మీద తేలికగా ఆనించి ఉంచడం మరొకటి. అలా చేయకపోతే బార్ వెనుక భాగం కూడా మోగి, స్వరానికి అనవసరమైన తోక తగులుకుంటుంది. డగ్లస్ వాయిద్యంలో స్వరాల మధ్య వినిపించే ఆ శుభ్రమైన విరామం చాలావరకు ఈ వేళ్ల పనే.

ఒక విషయంలో వీణ శిక్షణ ఆవిడకు ఇతరుల కంటే ముందడుగు ఇచ్చింది. ఎలక్ట్రానిక్ ట్యూనర్ చూపే బి స్వరం, మూల స్వరమైన జి నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది (సెంటు స్వరాల మధ్య దూరానికి కొలత, ఒక స్థాయికి 1200 సెంట్లు). తంబురాలో సహజంగా వినిపించే అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటుంది. డోబ్రో వాద్యకారుల్లో చాలామంది బి తీగలను చెవి ప్రకారం కాస్త తగ్గించి శ్రుతి చేసుకుంటారు. నేను తగ్గించి వినిపించిన వెంటనే ఆవిడ తల ఊపి, తన చేత్తోనే బిరడ తిప్పి ఆ స్థానానికి తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి గిటార్ వాయించినవారికి ఈ తేడా వినిపించడానికి చాలా సమయం పట్టడం నేను చూశాను.

వినికిడి అభ్యాసానికి 1995లో హిందూస్థానీ వాద్యకారుడు విశ్వమోహన్ భట్, జెర్రీ డగ్లస్, బాస్ వాద్యకారుడు ఎడ్గర్ మేయర్ కలిసి వెలువరించిన ఆల్బంను సూచించాను. గిటార్‌ను మార్చి తాను రూపొందించుకున్న మోహన వీణ మీద భట్ స్వరం నుంచి స్వరానికి తెగకుండా సాగించే మీండ్, దాని పక్కనే డగ్లస్ విరిచి, ఆపి, మళ్లీ అందుకునే తీరు, రెండూ ఒకేచోట వినిపిస్తాయి. ఆవిడ చేతిలో మొదటిది ఉంది, ఆవిడ కోరుకుంటున్నది రెండోది. రెండో దాని కోసం మొదటిదాన్ని వదులుకోనక్కరలేదని ఆ రికార్డింగు వింటే తెలుస్తుంది. రాగ ఛాయ ఉన్న చోట డగ్లస్ కూడా జారును పొడిగిస్తారు, పొడిగించినప్పుడు కూడా స్వరం చేరే చోటు మసకబారదు.

కోన్‌ను మార్చలేదు. తీగలు కొన్నిసార్లు మార్చి, సాడిల్, కోన్ కొత్త ఒత్తిడికి సర్దుకున్నాక కూడా పై తీగల్లో స్వరం పలుచగా అనిపిస్తే అప్పుడు ఆలోచిద్దామని ఇద్దరం అనుకున్నాం. ఇక్కడ చలికాలంలో ఇళ్లలో హీటర్ల వల్ల గాలి బాగా ఎండిపోయి చెక్క ముడుచుకుంటుంది కాబట్టి, మొదటి శీతాకాలం గడిచాక గట్టును, సాడిల్ అమరికను మళ్లీ చూడవలసి ఉంది. అప్పటిదాకా బిగింపు స్క్రూ జోలికి ఎవరూ పోవద్దని, వాద్యం ఎప్పుడైనా గలగలమంటే బిగించడానికి ముందు నాకు చూపించమని ఆవిడకూ, ఆవిడ ఉపాధ్యాయుడికీ చెప్పాను.